లోవెల్ మిల్లు కింద టర్బైన్: కాలువ నిండా నీళ్ళున్నా మిషన్ ఎందుకు ఆగి ఉంది?

మెర్రిమాక్_ఒడ్డు
అందరికీ నమస్తే. మేముండేది మసాచుసెట్స్‌లో, లోవెల్‌కి ఇరవై నిమిషాల దూరంలో. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. ఎక్కడికి తీసుకెళ్ళినా "బాగుందిరా" అని ఊరుకునే నాన్న, మొన్న అక్కడి పాత బట్టల మిల్లు, బూట్ కాటన్ మిల్స్ మ్యూజియంకి తీసుకెళ్తే లోపలికి రానన్నారు. గేటు ముందు కాలువ ఉంది, దాని గట్టున నిలబడిపోయారు. "ఈ నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తున్నాయి? ఎక్కడికి పోతున్నాయి? గేట్లు ఎవరు తీస్తారు?" అంటూ ప్రశ్నలే ప్రశ్నలు. పొలానికి నీళ్ళు పెట్టిన మనిషి కదా.

మిల్లు అడుగున చిన్న కరెంటు పవర్‌హౌస్ ఉందని తెలిసింది. కాలువ నీళ్ళు బిల్డింగ్ కిందికి దూరి, టర్బైన్ తిప్పి, వెనక ఉన్న మెర్రిమాక్ నదిలో పడాలి. కానీ మేం వెళ్ళిన రోజు కాలువ నిండుగా ఉన్నా మిషన్ ఆగి ఉంది. ఇంటికొచ్చాక కూడా నాన్నది ఒకటే మాట: "నీళ్ళుండగా మిషన్ ఆపటమేంటిరా?" నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, నాకేం తెలుసు. ఇక్కడ పాత ఇంజనీర్లున్నారని అడుగుతున్నాను.

సందేహాలరావు
చెడిపోయి ఉంటుంది. దీనికి ఇంత పోస్టా?

పాత_జలవిద్యుత్
సందేహాలరావు గారూ, చెడిపోనక్కర్లేదు. ఒడ్డు బాబూ, మీ నాన్నగారు అడిగింది నిజంగా అడగాల్సిన ప్రశ్న. నేను 31 ఏళ్ళు హైడెల్‌లో, అంటే జలవిద్యుత్‌లో, చేసి రిటైరయ్యాను. లోవెల్ చూడలేదు గానీ, ఆ ఊరి పేరు తెలియకుండా మా లైన్‌లో ఎవరూ ఉండరు. శ్రీశైలం కుడిగట్టు పవర్‌హౌస్‌లో తిరిగే 110 మెగావాట్ల ఏడు యూనిట్లూ ఫ్రాన్సిస్ టర్బైన్లే. ఆ ఫ్రాన్సిస్ ఎవరనుకున్నారు? మీరు నిలబడ్డ ఆ కాలువలకి చీఫ్ ఇంజనీరు.

జేమ్స్ ఫ్రాన్సిస్ ఇంగ్లండ్‌లో 1815లో పుట్టాడు. పద్దెనిమిదేళ్ళకి అమెరికా చేరాడు. 1837లో, అంటే 22 ఏళ్ళకే, లోవెల్ కాలువల కంపెనీకి చీఫ్ ఇంజనీరయ్యాడు. అప్పట్లో వాడే బాయ్‌డెన్ టర్బైన్‌లో నీళ్ళు మధ్యలోంచి బయటికి చిమ్మేవి. ఈయన దాన్ని తిరగేసి, చుట్టూ ఉన్న నీళ్ళు లోపలికి వచ్చేలా చక్రం గీశాడు. 230 హార్స్‌పవర్ రకం. దాన్ని పెట్టింది ఎక్కడో కాదు, మీరు చూసిన ఆ బూట్ మిల్లులోనే, 1849లో. కొలిచి చూస్తే నీటి శక్తిలో దాదాపు 80 శాతం పట్టుకుంది. మా పెద్ద యూనిట్లు ఇప్పుడు 90 దాటతాయనుకోండి, కానీ 1849లో 80 అంటే మాటలు కాదు.

మిషన్ ఎందుకు ఆగిందో రేపు రాస్తాను. కాలు నొప్పిగా ఉంది, ఎక్కువసేపు కూర్చోలేను.

చీరాల_పడుగు
నేనూ ఆ మ్యూజియం చూశాను. కింది అంతస్తులో మగ్గాల హాలు, 88 పవర్‌లూములు. అన్నీ కాదు గానీ కొన్ని నడుపుతారు. తలుపు తీయగానే చెవులు దద్దరిల్లాయి, దూది ముక్కలు పెట్టుకోమని ఇచ్చారు. మా తాతగారి గుంట మగ్గం చప్పుడు ఎంత మెత్తనిదో అక్కడ నాకు తెలిసొచ్చింది. అప్పటి ఆడపిల్లలు ఆ మోతలో పొద్దున్నించి చీకటి పడేదాకా నిలబడేవాళ్ళు. చుట్టుపక్కల పల్లెల రైతుల కూతుళ్ళు.

విచిత్రమేంటంటే ఇప్పుడు ఆ మగ్గాలు నడిచేది కరెంటు మోటార్ల మీద. అదే బిల్డింగ్ కింద నీళ్ళతో తీసిన కరెంటేమో గ్రిడ్‌కి పోవాలి. పూర్వం ఆ నీళ్ళే షాఫ్టులూ తోలు బెల్టుల మీదుగా నేరుగా మగ్గాన్ని ఊపేవి.

లెక్కలమాస్టారు
నాకు అంకెలు కావాలి. ఎంత నీరు, ఎంత ఎత్తు?

మెర్రిమాక్_ఒడ్డు
మ్యాప్ చూసి నాకర్థమైనంత రాస్తాను. పాటకెట్ జలపాతం దగ్గర నది దాదాపు 32 అడుగులు దిగుతుంది. దాన్ని తప్పించి పడవలు నడపడానికి 1790ల్లో పాటకెట్ కాలువ తవ్వారు. పడవల వ్యాపారం అంతంతమాత్రంగా నడిచిందట. 1820ల్లో బట్టల మిల్లుల వాళ్ళు వచ్చి దాన్నే కరెంటు... సారీ, నీటిశక్తి కాలువగా మార్చారు. తర్వాత కొమ్మలు తవ్వుతూ పోయారు, మొత్తం 9 కిలోమీటర్ల దాకా అయ్యాయి. ఊరు రెండు మెట్లుగా ఉంది. పై కాలువల నుంచి కింది కాలువలకి 13 అడుగుల పల్లం, కింది కాలువల నుంచి నదికి 17. బూట్ మిల్లు కింది కాలువ మీద ఉంది కాబట్టి దానికి 17 అడుగులే.

లెక్కలమాస్టారు
చాలు. 17 అడుగులంటే 5.2 మీటర్లు. సెకనుకి 10 ఘనపు మీటర్ల నీళ్ళొస్తే, పనితనం 80 శాతం అనుకుంటే:
9.81 × 10 × 5.2 × 0.8 = 408 కిలోవాట్లు.
ఏడాదిలో సగం కాలం తిరిగిందనుకుంటే 17.9 లక్షల యూనిట్లు. మన లెక్కన యూనిట్ 5 రూపాయలైతే 89 లక్షలు. 10 ఘనపు మీటర్లు నేను అనుకున్న అంకె, అక్కడి రికార్డు కాదు. దీన్ని పట్టుకుని ఎవరూ కోట్ చేయకండి.

సందేహాలరావు
89 లక్షలకి ఒక ఆపరేటరు, ఒక ఫిట్టరు, కాలువలో చెత్త తీసేవాళ్ళు, ఇన్సూరెన్సు. ఇదంతా అమెరికా జీతాల్లో. చెడిపోకపోతే గిట్టక ఆపేసి ఉంటారు.

నిడదవోలు_కుర్రోడు
అన్నా, మా దగ్గర చెట్టిపేటలో ఇలాంటిదే ఉంది, డెల్టా కాలువ మీద. 500 కిలోవాట్లవి రెండు, మొత్తం 1 మెగావాట్. చిన్నప్పుడు సైకిలేసుకుని వెళ్ళి చూసేవాళ్ళం. చూడ్డానికేముంటుంది, ఒక షెడ్డు, లోపల్నించి గుయ్‌మనే శబ్దం. కానీ కాలువలో ఆ కాస్త డ్రాప్‌కే, అంటే పల్లానికే, కరెంటొస్తుందంటే మాకు పెద్ద వింత. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే అదీ నిద్రే.

లోవెల్‌లో కూడా కాలువలు కట్టేస్తారా?

మెర్రిమాక్_ఒడ్డు
రిపేర్ల కోసం అప్పుడప్పుడు దించుతారు. ఒకసారి దించినప్పుడు చూశాను. అడుగున షాపింగ్ బండ్లు, సైకిళ్ళు, టైర్లు. మన బందరు కాలువ గుర్తొచ్చింది, గుర్రపుడెక్క ఒక్కటే తక్కువ.

పాత_జలవిద్యుత్
ఇప్పుడు అసలు సంగతి.

నది దగ్గరే, ఆ కాలువల్లో ఒకటైన నార్తర్న్ కెనాల్ మీద, 1980ల్లో కొత్త పవర్‌హౌస్ కట్టారు. ఫీల్డ్ పవర్‌హౌస్ అంటారు. రెండు కాప్లాన్ టర్బైన్ యూనిట్లు, కలిపి దాదాపు 15 మెగావాట్లు. దానికి జలపాతం పల్లం మొత్తం దొరుకుతుంది, పైగా పలకల కోణం మార్చుకునే మిషన్లు. ఊరి మధ్య మిల్లుల్లో ఉన్నవి పాతవి, ఒక్కోదానికి 13 అడుగులో 17 అడుగులో.

మీరే కంపెనీ మేనేజరైతే ఏం చేస్తారు? ఒక ఘనపు మీటరు నీటిని ఫీల్డ్‌కి పంపితే పూర్తి పల్లం మీద కరెంటు వస్తుంది. అదే నీటిని బూట్ మిల్లుకి పంపితే కాలువల్లో 13 అడుగులు ఉత్తినే దిగి, 17 మీద మాత్రమే వస్తుంది. కాబట్టి ముందు పెద్దదానికి కడుపునిండా ఇస్తారు. అది తాగలేనంత నీరు నదిలో ఉన్నప్పుడే మిల్లు యూనిట్లు తిప్పుతారు. ఒడ్డు బాబూ, మీ నాన్నగారికి ఒక్క మాట చెప్పండి, ఆయనకి ఠక్కున అర్థమవుతుంది. బూట్ మిల్లుది *మిగులు జలాల* ప్లాంటు.

కాలువ నిండుగా కనపడటం మోసం. కాలువలో నీటి మట్టం వేరు, ప్రవాహం వేరు. గేటు మూస్తే కాలువ చెరువులా నిండుగానే ఉంటుంది, కదలదు. మీ నాన్నగారిని ఒక ఆకు వేసి చూడమనండి.

మెర్రిమాక్_ఒడ్డు
సార్, నాన్నకి చదివి వినిపించాను. "మిగులు జలాలు" దగ్గర పెద్దగా నవ్వారు. "అయితే మేం టెయిల్ ఎండ్ వాళ్ళం అన్నమాట" అన్నారు.

లెక్కలమాస్టారు
మిల్లులకి నీళ్ళు ఎలా పంచేవాళ్ళు? పది పన్నెండు కంపెనీలు ఒకే కాలువ మీద ఉంటే గొడవలు రాలేదా?

పాత_జలవిద్యుత్
ఎందుకు రావు! ఫ్రాన్సిస్ అసలు గొప్పతనం టర్బైన్ కాదంటాను నేను, కొలత. నీళ్ళని "మిల్ పవర్" అనే యూనిట్‌లో అమ్మేవాళ్ళు. 30 అడుగుల పల్లం మీద సెకనుకి 25 ఘనపుటడుగులు, అంటే 25 క్యూసెక్కులు, ఒక మిల్ పవర్. వాల్తమ్ అనే ఊళ్ళో అంతకుముందు కట్టిన మిల్లులో నూలు వడికే కదుళ్ళు 3,584 ఉండేవి. ఒక మిల్ పవర్ అంటే అన్నేసి కదుళ్ళనీ, ఆ నూలుతో బట్ట నేసే మగ్గాలనీ తిప్పే నీరన్నమాట. 17 అడుగుల మీద అయితే 45.5 క్యూసెక్కులు, 13 మీద అయితే 60.5.

మిల్లు వాడుకున్నది ఎక్కువా తక్కువా ఎలా తెలుస్తుంది? మీటర్లు లేవు. చెక్కతో నున్నటి తొట్టి కాలువ కట్టి, అడుగున బరువు పెట్టిన రేకు గొట్టాలు నిలువుగా తేలేలా వదిలి, ఈ గీత నుంచి ఆ గీత దాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకునేవాళ్ళు. కలుజు మీద నీటి మందం చూసి ప్రవాహం కట్టే ఫార్ములా ఒకటి ఆయనదే, ఫ్రాన్సిస్ ఫార్ములా. మాకు డిప్లొమాలో కంఠతా పట్టించారు. ఈ ప్రయోగాలన్నీ 1855లో పుస్తకంగా వేశాడు.

లెక్కలమాస్టారు
ఆగండాగండి. 25 × 30 = 750. 45.5 × 17 = 773.5. 60.5 × 13 = 786.5. సమానంగా లేవే?

పాత_జలవిద్యుత్
పట్టేశారు! పల్లం తగ్గేకొద్దీ రాపిడిలోనూ రాకపోకల్లోనూ పోయే భాగం పెరుగుతుంది, అందుకని కాస్త మొగ్గు చూపి ఇచ్చారని నా అర్థం. తూకంలో కొసరు వేసినట్టు.

చీరాల_పడుగు
నీటి లెక్క ఇంత పక్కాగా రాసిన కంపెనీలు ఆ పత్తి ఎవరు ఏరారో లెక్క రాయలేదు. పత్తంతా దక్షిణాది బానిసల చేత ఏరించిందే. పైగా ఆ బానిసలకి కట్టబెట్టే ముతక గుడ్డ కూడా లోవెల్‌లోనే నేసేవాళ్ళు. టర్బైన్ మెచ్చుకుందాం, కాదనను. ఇదీ చెప్పుకుందాం.

పాత_జలవిద్యుత్
అమ్మా, నిజం. నేను మిషన్ దగ్గరే ఆగిపోయాను.

తుంగభద్ర_తమ్ముడు
వేరే రాష్ట్రం వాళ్ళతో నీటి గొడవలు లేవా? అవి లేకుండా నది ఉంటుందా అసలు :)

మెర్రిమాక్_ఒడ్డు
ఉన్నాయి తమ్ముడూ, అచ్చం మనలాగే. మెర్రిమాక్ పుట్టేది పైనున్న న్యూ హాంప్‌షైర్‌లో. వేసవిలో నది సన్నబడితే లోవెల్ మిల్లులు ఆగేవి. అందుకని మసాచుసెట్స్ మిల్లుల వాళ్ళు 1840ల్లో పై రాష్ట్రంలోని విన్నిపెసాకీ సరస్సు నీటి మీద పెత్తనం కొనేశారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు గేట్లు ఎత్తేవాళ్ళు. ఒకసారి అక్కడి వాళ్ళ పొలాలు మునిగేవి, ఇంకోసారి వాళ్ళ చిన్న మిల్లులకి నీళ్ళుండేవి కావు. 1859లో అక్కడి జనం గొడ్డళ్ళూ గునపాలూ పట్టుకుని ఆనకట్ట మీదికి వెళ్ళారు. కట్ట తెగలేదు.

తుంగభద్ర_తమ్ముడు
తుంగభద్ర మీద సుంకేశుల, ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్ళింపు పథకం) గొడవలు చూసినవాడికి ఇది కొత్తేం కాదు. మా దగ్గర గునపాలే కాదు, ఇంకా

మోడరేటర్
పై పోస్టులో మిగతా భాగం తీసేశాను. రాయలసీమ, తెలంగాణ నీళ్ళ గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే 400 పోస్టులు. ఇక్కడ లోవెల్ చాలు.

నిడదవోలు_కుర్రోడు
నార్తర్న్ కెనాల్ ఎప్పుడు తవ్వారు?

మెర్రిమాక్_ఒడ్డు
1846 నుంచి 48. ఫ్రాన్సిస్ ఆధ్వర్యంలో.

నిడదవోలు_కుర్రోడు
చూడండి మరి! మన ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. ఇద్దరూ ఒకే రోజుల్లో, ఒకరు మెర్రిమాక్ మీద, ఒకరు గోదారి మీద. ఒకరు కదుళ్ళ కోసం, ఒకరు వరి కోసం.

పాత_జలవిద్యుత్
1852 అన్నారు గనక చెప్తాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో మెర్రిమాక్‌కి పెద్ద వరద. రెండేళ్ళ ముందే పాటకెట్ కాలువ మొదట్లో ఫ్రాన్సిస్ ఒక పెద్ద చెక్క గేటు కట్టించి, ఇనప పట్టీతో పైన వేలాడదీశాడు. 27 అడుగుల వెడల్పు, 25 అడుగుల ఎత్తు. దేనికీ పనికిరాదని ఊరంతా నవ్వింది, "ఫ్రాన్సిస్ పిచ్చి" అని పేరు పెట్టింది. వరద రాత్రి ఉలితో ఆ పట్టీ నరికించాడు. గేటు దిగబడింది, ఊరు మునగలేదు. మళ్ళీ 1936 వరదలో కూడా దాన్నే దించారు. 84 ఏళ్ళు ఏ పనీ లేకుండా నిలబడి, అవసరమైన రోజు పనికొచ్చింది. మా డిపార్ట్‌మెంట్లో అలాంటి గేటుకి గ్రీజు పెట్టడానికి కూడా బడ్జెట్ రాదు.

సందేహాలరావు
కథలు బాగున్నాయి. నా ప్రశ్న అలాగే ఉంది. మిగులు నీళ్ళకి మాత్రమే తిరిగే పాత మిషన్లని ఎన్నాళ్ళు మోస్తారు?

మెర్రిమాక్_ఒడ్డు
మోయరట. ప్రాజెక్టు లైసెన్సు 1983 నాటిది, నలభై ఏళ్ళకి ఇచ్చారు. 2023లో ఆ గడువు తీరింది. కొత్త లైసెన్సు కోసం కంపెనీ పెట్టిన ప్రతిపాదనలో ఊరి మధ్య మిల్లుల్లోని నాలుగు చిన్న పవర్‌హౌస్‌లనూ వదిలేస్తామని ఉంది. ఫీల్డ్ పవర్‌హౌస్ ఒక్కటీ ఉంచుకుంటారు.

సందేహాలరావు
నేనన్నదే!

పాత_జలవిద్యుత్
రావు గారూ, మీరు గెలిచారు, ఒప్పుకుంటాను. కానీ డబ్బు లెక్కలో ఒక పద్దు మర్చిపోయారు. మిషన్ తిరిగినన్నాళ్ళు కాలువ కంపెనీకి *అవసరం*. గేట్లు పనిచేయాలి, చెత్త తీయాలి, గోడ కూలితే కట్టాలి. కరెంటు మానేసిన మర్నాటి నుంచి అదే కాలువ కంపెనీకి బరువు. 9 కిలోమీటర్ల రాతి గోడలు, పైన వంతెనలు, పక్కన అపార్టుమెంట్లు. ఎవరు చూస్తారు? మునిసిపాలిటీయా? పార్కు వాళ్ళా?

మన ఊళ్ళలో చూశాం కదా. రైళ్ళూ లారీలూ వచ్చి డెల్టా కాలువల మీద పడవలు ఆగిపోయాక లాకులేమయ్యాయి? తలుపులు ఊడి, పక్క గదులు మట్టితో పూడిపోయాయి. సాగు కోసం కాలువ బతికింది గనక సరిపోయింది, లేకపోతే అదీ పోయేది. 400 కిలోవాట్లు కరెంటుగా చిన్నవే. కాలువకి కాపలాదారుగా పెద్దవి.

చీరాల_పడుగు
లోవెల్ 1978 నుంచి నేషనల్ హిస్టారికల్ పార్కు. వేసవిలో కాలువల మీద పడవలు నడుపుతారు, జనం చూసేది కాలువనే. నీళ్ళు తీసేస్తే పార్కు ఏముంటుంది, ఇటుక గోడలు తప్ప?

మెర్రిమాక్_ఒడ్డు
పార్కు వాళ్ళకీ కరెంటు కంపెనీకీ ఇంతకుముందే పేచీ ఉంది. ఆనకట్ట పైన వరసగా చెక్క పలకలు ఉండేవి, ఇనప ఊచలకి ఆనించి. వరదొస్తే ఊచలు వంగి పలకలు కొట్టుకుపోవాలి, అదే ఏర్పాటు. ప్రతిసారీ మళ్ళీ పెట్టడం తలనొప్పని కంపెనీ వాళ్ళు గాలి నింపే రబ్బరు సంచులతో లేచే గేట్లు పెడతామన్నారు. చారిత్రక కట్టడం పాడవుతుందని పార్కు వాళ్ళు, వరద పెరుగుతుందని పైనున్న ఇళ్ళవాళ్ళు వద్దన్నారు. చివరికి రబ్బరు గేట్లే వచ్చాయి.

గోదారి_గట్టు
చేపల సంగతి ఎవరూ ఎత్తలేదే. ఆనకట్ట దగ్గర చేపలకి దారి ఉందా?

మెర్రిమాక్_ఒడ్డు
ఉంది. ఫీల్డ్ పవర్‌హౌస్ దగ్గర చేపల లిఫ్టు, ఆనకట్ట దగ్గర చేపల మెట్లు. ముఖ్యంగా షాడ్ అనే చేప కోసం. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది.

గోదారి_గట్టు
అదే కదా మన పులస! పులసని ఇంగ్లీషులో ఇండియన్ షాడ్ అనే అంటారు, రెండూ దగ్గరి చుట్టాలే. మన చేప ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర తల బాదుకుని ఆగిపోతుంది, వాళ్ళ చేపకేమో లిఫ్టు. మీరు షాడ్ పులుసు పెట్టి చూశారా? ముళ్ళు అంతే ఉంటాయా?

మెర్రిమాక్_ఒడ్డు
ముళ్ళు అంతకంటే ఎక్కువ. పులుసు అమ్మ పెట్టింది. నాన్న తిని "చేప మంచిదే, నీళ్ళు గోదారివి కావు" అన్నారు.

నిడదవోలు_కుర్రోడు
సార్, చిన్న డౌటు. మన కాలువల మీద ఇంకా ఇలాంటివి ఎందుకు పెట్టరు? డ్రాపులు బోలెడున్నాయి కదా.

పాత_జలవిద్యుత్
పెట్టారు. సాగర్ కుడి కాలువ తల దగ్గర 30 మెగావాట్లవి మూడు, ఎడమ కాలువకి రెండు. అవి చిన్నవేం కాదు. కాకతీయ కాలువ డ్రాపుల మీద పెద్దపల్లి వైపు మినీ హైడెల్స్ ఉన్నాయి. చిక్కేంటంటే సాగు కాలువకి యజమాని రైతు, కరెంటు కాదు. నాట్లకి నీళ్ళొదిలితే తిరుగుతుంది, కట్టేస్తే ఆగుతుంది.

ఇంకో కష్టం నా అనుభవం చెప్తాను, ప్లాంటు పేరు వద్దు. ఒక ప్రైవేటు మినీ హైడెల్‌కి సలహాకని పిలిచారు. ప్లాంటు కరెంటు వెళ్ళేది పల్లెటూరి ఫీడరు లైను మీద, గాలేస్తే ట్రిప్పే. ఫీడరు పోగానే టర్బైన్‌కి భారం పోయి జోరెక్కుతుంది, వెంటనే గేట్లు మూయాలి. మూస్తే నీళ్ళెక్కడికి పోతాయి? పక్కనించి దారి విడవాలి. వీళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి ఆ పక్క దారి షట్టరుకి మోటారు పెట్టలేదు, చేత్తో తిప్పాలి. అర్ధరాత్రి ఫీడరు పోయింది, వాచ్‌మన్ నిద్ర లేచేసరికి కాలువ గట్టు మీంచి పొర్లి కింద అరటి తోటలోకి దిగింది. మర్నాడు ఊరంతా ప్లాంటు ముందే. చెమటలు పట్టాయి నాకు, కట్టింది నేను కాకపోయినా.

సందేహాలరావు
ఆ అరటి తోట మా బావమరిదిదైనా కావచ్చు. సరే, ఒడ్డు గారూ, ఆకు వేసి చూశారా లేదా?

మెర్రిమాక్_ఒడ్డు
నిన్న మళ్ళీ వెళ్ళాం. రెండ్రోజులు వాన పడింది. నాన్న బూట్ మిల్లు ముందు వంతెన మీంచి మేపుల్ ఆకు వేశారు. మొదట అక్కడే గుండ్రంగా తిరిగింది. వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. రెండు నిమిషాలకి మిల్లు వైపు నెమ్మదిగా కదిలి, ఇనప చువ్వల దగ్గర చెత్తకి తగులుకుని ఆగింది. "కొంచెం వదిలార్రా" అన్నారు. లోపల మిషన్ తిరుగుతోందో, ఊరికే నీళ్ళు వదిలారో బయటికి తెలియలేదు. రోడ్డు మీద కార్ల చప్పుడు.

ఆయన శనివారం తెనాలి వెళ్ళిపోతున్నారు. నిడదవోలు తమ్ముడూ, చెట్టిపేటకి దారి చెప్తావా? అది తిరుగుతుంటే చూడాలంటున్నారు.

నిడదవోలు_కుర్రోడు
తప్పకుండా అన్నా. కాలువలకి నీళ్ళొదిలాక రమ్మనండి. స్టేషన్‌కి బండేసుకుని నేనే వస్తాను.